రెండు మీటర్లు, రెండు బెల్టులు: ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా

ఈ ప్రయాణం నిజానికి నాచారంలో, ఒక డాక్టరు గారి గదిలో మొదలైంది. అంతకు మూడు నెలల ముందు పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెబుతూ చెబుతూ బోర్డు ముందే కుప్పకూలాను. థైరాయిడ్ అదుపు తప్పి గుండె పరుగులు పెడుతోందని తేల్చారు. మందులు పడ్డాక కుదురుకుంది. చివరిసారి వెళ్లినప్పుడు భయపడుతూనే అడిగాను, ఇక సైకిల్ తొక్కొచ్చా అని. ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, "తొక్కండమ్మా. కాకపోతే గుండె వేగం నిమిషానికి నూట నలభై దాటకూడదు. దాటిందంటే దిగి నిలబడిపోవాలి. ఆ అంకె చూపించే యంత్రం ఏదన్నా కొనుక్కోండి. పట్టించుకోకుండా తొక్కేస్తానంటే మాత్రం సైకిల్ మర్చిపోండి" అన్నారు.

సైకిల్ మర్చిపోవడం నాకు చిన్న మాట కాదు. చిల్కానగర్‌లో మా ఇల్లు, నాచారంలో మా బడి, ఈ రెంటి మధ్య నా రోజంతా ఎవరో ఒకరి పని. ఆదివారం పొద్దున సైకిల్ మీద ఉండే రెండు మూడు గంటలే నావి. రెండేళ్లుగా మా కాలనీ బృందంతో తిరుగుతున్నాను. ఇంకో రెండు నెలల్లో అందరూ కలిసి వంద కిలోమీటర్లు తొక్కుదామని అనుకున్నారు, అందులో నా పేరు కూడా ఉంది. ఆ అంకె నూట నలభై లోపల ఉంటే నేను వెళతాను, లేకపోతే నా సైకిల్ మెట్ల కింద దుమ్ము పట్టి పడుంటుంది. సంగతి అంతే. అసలే నాది గ్యాస్ కట్టానా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసే స్వభావం. దానికి తోడు ఈ అంకె ఒకటి తగులుకుంది.

ఇది ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల మాట. సైకిల్‌కు పెట్టుకునే జీపీఎస్ కంప్యూటర్ అంటే మా వైపు దుకాణాల్లో ఎవరికీ తెలియదు. నాచారంలో నేను ట్యూబులు కొనే దుకాణాయన్ని అడిగితే, "జీపీఎస్ అంటే కార్లకు పెడ్తరు గదమ్మా. సైకిల్‌కు ఏంది? మన రోడ్లు మనకు ఎరుకే గద!" అని నవ్వి, నాలుగు వందలకు తీగ మీటరు ఒకటి చూపించాడు. అది చక్రం తిరిగిన దూరం చెబుతుంది తప్ప గుండె సంగతి చెప్పదు. చివరికి మా ఆయన పనిచేసే పోచారం సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో ఒక సహోద్యోగి దగ్గర రెండు దొరికాయి. అతను ఆఫీసు పని మీద విదేశాలకు వెళ్లిన రెండుసార్లూ ఒక్కోటి కొనుక్కొచ్చాడట. రెంట్లో ఏదైనా ఒకటి అమ్ముతానన్నాడు. చిన్నది తొమ్మిది వేలు, పటం చూపించే పెద్దది పదిహేడు వేలు. ఆదివారం ఒక్కరోజు రెండూ వాడి చూసి, వద్దనుకున్నది తిరిగి వెళ్లేటప్పుడు పోచారంలో తన ఇంట్లో ఇచ్చేయమన్నాడు. అలా బీబీనగర్ చెరువు దాకా వెళ్లి రావాలని దారి ఖాయమైంది. ఉప్పల్ కూడలి నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే పోను ఇరవై ఏడూ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు ఉంటుంది.

శనివారం సాయంత్రం మంచం మీద అన్నీ పరిచాం. రెండు మీటర్లు, హ్యాండిల్‌కు బిగించే రెండు రబ్బరు పట్టీలు, ఒకే ప్లాస్టిక్ సంచిలో చిక్కుపడిపోయిన రెండు నల్ల బెల్టులు. గుండె వేగం తెలియాలంటే ఆ బెల్టును ఛాతీకి చుట్టుకోవాలి. అది లెక్క చూసి తీగ లేకుండా తన జత మీటరుకు పంపుతుంది. నేను పెద్దది తీసుకున్నాను, మా ఆయన చిన్నది తీసుకున్నాడు. బెల్టుల్లో ఏది దేనిదని అడిగితే, "ఏదైతే ఏంది, రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్. నువ్వు గది కట్టుకో, నేను గిది కట్టుకుంట" అన్నాడు. మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. నలభై నాలుగేళ్లు, మంచి దిట్టమైన మనిషి, జ్వరం వచ్చినా దవాఖానా గడప తొక్కడు. నా జబ్బు బయటపడ్డప్పటి నుంచి ఇంట్లో రోగిని నేను, ధైర్యం ఆయన. ఆ పంపకాన్ని ఇద్దరం ఒప్పేసుకున్నాం.

పొద్దున ఐదున్నరకు గేటు దగ్గర మీటర్లు వెలిగించాం. ఉపగ్రహాలు దొరకడానికి చిన్నదానికి నాలుగు నిమిషాలు పట్టింది, పెద్దదానికి రెండే. ఇలాంటివి కొనాలనుకునేవాళ్లు ఇది గమనించాలి. ఎండలో అంకెలు కనిపిస్తాయా, చేతి తొడుగుతో మీటలు నొక్కగలమా, ఛార్జి ఎన్ని గంటలు వస్తుంది, ఇవన్నీ రాసుకోవడానికి నేనొక చిన్న పుస్తకం కూడా పెట్టుకున్నాను. మొదటి పేజీలో మొదటి వరుస రాయకముందే తెర మీద నా గుండె అంకె కనిపించింది. తొంభై ఎనిమిది. ఇంకా సైకిల్ ఎక్కనేలేదు. మా ఆయన మీటరులో డెబ్బై నాలుగు ఉంది.

"సూడు, మనది కొత్త ఇంజన్ లెక్క గొట్టుకుంటున్నది" అని మురిసిపోయాడు. "నీది భయమే. జర నీళ్లు తాగు, తగ్గుతది."

నీళ్లు తాగాను. నూట రెండు అయింది.

ఉప్పల్ కూడలిలో మెట్రో తవ్వకాలకు వేసిన రేకుల పక్కనుంచి, కంకర మీద జారకుండా, తల పైకెత్తకుండా వెళ్లాను. ఆ ఇరుకులో పెద్ద మీటరు ఒకసారి దారి తప్పి మమ్మల్ని రోడ్డు పక్కన ఇళ్ల మధ్య చూపించింది. బోడుప్పల్ దగ్గరైతే అక్కడ లేని ఒక గల్లీలోకి తిరగమంది. పటం కోసమే ఎనిమిది వేలు ఎక్కువ పెట్టాలనుకునేవాళ్లు, మీ ఊరి గల్లీలు అందులో ఉన్నాయో లేదో చూసుకుని పెట్టండి. ఇవన్నీ నేను గుర్తు పెట్టుకోవాల్సిన సంగతులు, కానీ నా కళ్లు ఆ మూలనున్న అంకెను వదిలితేగా! మేడిపల్లి వచ్చేసరికి నూట ఇరవై తొమ్మిది. దాని తరువాత నూట ముప్పై ఆరు. కాళ్లు హాయిగా ఆడుతున్నాయి, ఆయాసం లేదు, అయినా అంకె పైపైకి పోతోంది. లోపల ఏదో జరుగుతోంది, నాకే తెలియడం లేదనుకున్నాను. పోయినసారి కూడా పడిపోయే నిమిషం దాకా నాకేమీ తెలియలేదు కదా.

నారపల్లి దగ్గర రోడ్డు కాస్త ఎత్తుకు లేస్తుంది. అక్కడ చూశాను, నూట యాభై రెండు. డాక్టరు గారి మాట చెవిలో గింగురుమంది. వెంటనే దిగిపోయి, సైకిల్ పక్కన పడేసి, కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. మా ఆయన పక్కనే వచ్చి ఆగాడు.

"ఏమైంది? నొస్తున్నదా?"

"నొప్పేం లేదు. నూట యాభై దాటింది."

"గంతేనా! ఊకె దాన్నే జూస్తుంటే ఎక్కకేం జేస్తది? సూసుడు బంద్ పెట్టు."

ఐదు నిమిషాలు కూర్చున్నాను. నూట నలభై ఒకటికి దిగింది, హమ్మయ్య అనుకునేలోపే నూట నలభై తొమ్మిదికి ఎక్కింది. కూర్చున్న మనిషికి నూట నలభై తొమ్మిది ఏమిటి? ఇంటర్ చదివే మా అమ్మాయి లేచేసరికి నేను ఏ మంచం మీద ఉంటానో అనిపించింది. అంతలో మా ఆయన, జోరుగా తొక్కితే తన అంకె కూడా అలాగే ఎక్కుతుందేమో చూద్దామని తన సైకిల్ తీసుకుని అటు వంద గజాలు పోయాడు. ఆయన అటు వెళ్లడం, నా తెర మీద అంకె మాయమై రెండు గీతలు మిగలడం. నవ్వకండి, ఆ గీతలు చూసి గుండె ఆగిందనుకున్నాను. ఛాతీ మీద చెయ్యి వేసుకుని అలాగే బిగుసుకుపోయాను. ఆయన తిరిగొచ్చి పక్కన నిలబడ్డాక అంకె మళ్లీ వచ్చింది, నూట అరవై ఒకటి.

"నాది గూడ గట్లనే మాయమైంది" అన్నాడు ఆయన రొప్పుతూ. "రెండు డబ్బా మీటర్లే. పదిహేడు వేలు వెట్టి ఎవడు గొంటడు గిది!"

నాకు వెనక్కి పోదామని ఉంది. కానీ అక్కడి నుంచి ఉప్పల్ కంటే ఘట్‌కేసరే దగ్గర. అక్కడ బస్సులూ ఆటోలూ దొరుకుతాయి, చాయ్ తాగి అక్కడి నుంచి ఏదో ఒకటి పట్టుకోవచ్చని ఆయన అంటే ఒప్పుకున్నాను. పోచారం దాటేదాకా చదునుగా ఉన్నచోట మెల్లగా తొక్కాను, ఎత్తు కనిపిస్తే దిగి నడిచాను. ఆయన నాకోసం పక్కపక్కనే వచ్చాడు. అంకె ఒక్కసారి కూడా నూట నలభై కిందికి రాలేదు. వంద కిలోమీటర్ల ముచ్చట ఇక అయిపోయిందని నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, గాలి అని చెప్పి తుడుచుకున్నాను.

ఘట్‌కేసర్‌లో రోడ్డు వారగా ఒక చాయ్ బండి ఉంది. ఏడుంబావు అయింది. బండి నడిపే పెద్దావిడ రెండు చాయ్‌లు పోసి, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చింది, మొత్తం ఇరవై నాలుగు రూపాయలు. సైకిళ్లు రెండూ బల్లకు ఆనించి ఇద్దరం కూర్చున్నాం. పదిహేను నిమిషాలు గడిచాయి. మీటరు నూట యాభై ఆరు అంటోంది. నేను గ్లాసు పట్టుకున్న తీరు చూసి పెద్దావిడ అడిగింది.

"ఏంది బిడ్డా, గట్ల గూసున్నవ్?"

"గుండె దడగ ఉందమ్మా. మిషన్ల మస్తు ఎక్కువ సూపిస్తున్నది."

ఆవిడ మిషన్ వంక చూడను కూడా లేదు. నా ముఖంలోకి చూసింది, తరువాత మా ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వు మంచిగనే ఉన్నవ్ బిడ్డా. ఆయన మొఖమే జర పాలిపోయినట్టుంది. చక్కెర ఎక్కువేసి ఇంకో చాయ్ ఇయ్యాల్నా?"

మా ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వబోయాను. కానీ ఆ మాటతో ఒక సంగతి గుర్తొచ్చింది. యంత్రం కొనేదాకా చేత్తో చూసుకోమని డాక్టరు గారు నేర్పారు, రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చించాలి. పొద్దుటి నుంచి యంత్రాన్ని నమ్ముకుని నా చెయ్యి నేను పట్టుకోనేలేదు. పెట్టి చూశాను. ఇరవై రెండు. అంటే ఎనభై ఎనిమిది. లెక్కల టీచర్ని, తప్పు చేసి ఉంటానని మళ్లీ చూశాను. ఇరవై రెండే. మూడోసారి ఇరవై ఒకటి. తలెత్తి మా ఆయన సైకిల్ మీదున్న చిన్న మీటరు చూశాను. ఎనభై ఏడు. చూస్తుండగానే ఎనభై ఐదు.

"బెల్టులు మారినయ్!" అని అరిచాను. "మీ మీటర్ల ఉన్నది నా గుండె!"

ఆయన గ్లాసు కింద పెట్టి రెండు తెరలూ చూసి పకపకా నవ్వాడు. "ఓర్నీ! గందుకేనా నేను దూరం పోతే మాయమైతున్నది! పొద్దటి సంది నా అంకె జూసి నువ్వు సస్తున్నవా?"

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నా గుండె మంచిది. వంద కిలోమీటర్లూ తొక్కుతాను. ఆదివారాలు నావే. లేచి ఆ పెద్దావిడ చేతులు పట్టుకుని ఊపేశాను కూడా. ఆ సంతోషం ఎంతసేపు? మహా అయితే నాలుగైదు ఊపిర్లు. ఆ తరువాత నా కళ్లు అలవాటు కొద్దీ పెద్ద మీటరు మూలకు వెళ్లాయి. నూట యాభై రెండు. నూట ముప్పై ఎనిమిది. నూట అరవై ఐదు. పావుగంట నుంచి బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్న మనిషి గుండె అది.

"చెయ్యి ఇటియ్యుండ్రి" అన్నాను.

"ఏం గాలె నాకు. పా, బీబీనగర్ పోయొద్దం. ఇప్పుడు నీకు భయం లేదు గద."

"చెయ్యి."

ఇచ్చాడు. చల్లగా, చెమటగా ఉంది. రెండు వేళ్లు పెట్టాను. రెండు దెబ్బలు వెంటవెంటనే పడ్డాయి, తరువాత ఖాళీ, తరువాత మూడు నాలుగు గబగబా, మళ్లీ ఖాళీ. లెక్కపెట్టడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇరవై ఏళ్లుగా అంకెలతో బతుకుతున్నదాన్ని, ఆ పదిహేను సెకన్లు లెక్క అందలేదు. ఆయన లేచి సైకిల్ మీద చెయ్యి వేయబోతుంటే, "ఎక్కకుండ్రి. నా మీద ఒట్టే, ఎక్కకుండ్రి" అన్నాను. నా గొంతు విని ఆయన ఆగిపోయాడు.

రోడ్డు మీద ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటోను చాయ్ పెద్దావిడే ఆపింది. నాచారం దాకా రెండు సైకిళ్లు, ఇద్దరు మనుషులు అంటే డ్రైవరు ఐదు వందలు అడిగాడు. నేను బేరం ఆడకపోయేసరికి అతనికే అనుమానం వచ్చింది. "ఏమన్న సీరియసా అక్కా?" అన్నాడు. గుండె అన్నాను. "అయితే అన్న ముంగట గూసోని. నువ్వు ఎనక సైకిళ్లు వట్టుకో" అన్నాడు. కుదరదన్నాను. ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, సైకిళ్లు వెనక తాడుతో కట్టేశాడు. పొద్దున గంటన్నర తొక్కిన దారి ముప్పావు గంటలో వెనక్కి పోయింది. దారి పొడుగునా ఆయన మణికట్టు వదల్లేదు.

మేడిపల్లి దాటాక ఆయన మెల్లగా చెప్పాడు. "పదిహేను దినాల సంది గిట్లనే ఉంటున్నది. క్యాంపస్‌ల మెట్లెక్కుతుంటే లోపట ఏదో రెక్కలు గొట్టుకున్నట్టు అయితది. జరసేపటికి పోతది."

"నాకెందుకు చెప్పలే?"

"నీ ఫికరే నీకు సాలదా? నా గురించి గూడ ఎందుకని."

డ్రైవరును ఇంకాస్త వేగంగా పోనివ్వమన్నాను.

నాచారం దవాఖానాలో నన్ను గుర్తుపట్టిన నర్సమ్మాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. "మళ్లీ వచ్చిందా మేడం? కూర్చోండి" అంది. నాకు కాదు, ఆయనకు అని చెప్పి కుర్చీని ఆయన వైపు తిప్పాను. ఈసీజీ తీశారు. ఆదివారం డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆ కాగితం చూసి, గుండె పై గదులు లయ తప్పి కొట్టుకుంటున్నాయని, వదిలేస్తే లోపల నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉందని చెప్పాడు. మందు ఎక్కించి, రెండు రాత్రులు ఉంచుకున్నారు. మంగళవారం పొద్దున ఆయన గుండె దారికి వచ్చింది. అప్పటిదాకా నేను కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న తెర మీద అంకెనే చూస్తూ ఉన్నాను. ఈసారి అది ఎవరిదో నాకు తెలుసు.

ఇంతకీ ఏ మీటరు కొన్నారని అడుగుతారు కదా. చిన్నది కొన్నాం, తొమ్మిది వేలది. రోడ్లు తెలిసిన మనిషికి పటం అక్కర్లేదు. ఛార్జి పద్నాలుగు గంటలు వస్తుందని అమ్మిన అతను చెప్పాడు, మాకు పన్నెండు వచ్చింది. ఎండలో అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి, ఉపగ్రహాలు ఆలస్యంగా దొరికినా దొరికాక వదలవు. పెద్దదాన్ని దాని బెల్టుతో సహా వారం తరువాత పోచారంలో ఇచ్చేశాం. రెండు నెలల తరువాత వంద కిలోమీటర్లు నేను తొక్కాను, ఎక్కడా నూట ముప్పై ఆరు దాటలేదు. ఆయన మందులు వేసుకుంటూ వెనక ఆటోలో నీళ్ల సీసాలతో వచ్చాడు. కానీ నా మనసు ఆ వంద దగ్గర లేదు, ఘట్‌కేసర్ బల్ల దగ్గరే ఆగిపోయింది. నా భయం మా ఇంట్లో అంత చోటు ఆక్రమించిందని, పక్క మనిషికి తన బాధ చెప్పుకునే జాగా కూడా మిగలలేదని నాకు అక్కడే తెలిసింది. ఆ నాలుగైదు ఊపిర్ల సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను బాగున్నానని గంతులేస్తున్నప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు.

ఇలాంటి మీటర్లతో జంటగా వెళ్లేవాళ్లకు ఒకే సలహా. బెల్టులు కట్టుకున్నాక ఎవరి సైకిల్ వాళ్లు పట్టుకుని ఒకరికొకరు ఒక ముప్పై నలభై అడుగులు దూరం జరిగి నిలబడండి. తెర మీద అంకె మాయమైతే మీ బెల్టులు మారాయన్నమాట. ఆ తరువాత రెండు వేళ్లతో మీ నాడి మీరు చూసుకుని మీటరుతో సరిపోల్చండి. మీది అయిపోయాక పక్కన వచ్చే మనిషి చెయ్యి కూడా అడగండి. నాకేం కాలేదు, బాగానే ఉన్నాను అంటారు. అయినా అడగండి.